బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా

జూన్ 9, 1963. ఆదివారం

ఈయన ఇవాళ ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడు.

చేతిలో కూరగాయల సంచీ, కుడి కాలికి చెప్పు, ఎడమ కాలికి దుమ్ము. నడక మాత్రం పటేలు నడక. గుమ్మంలో నిలబడి పడీ పడీ నవ్వాను. "రెండోది యాడ ఇడిసినవయ్యా, చర్చిలనేనా?" అన్నాను. ఆయన కిందికి చూసుకున్నాడు. అప్పటిదాకా ఆయనకే తెలియదు.

"తెగిందేమో" అన్నాడు.

చెప్పు తెగి పడిపోతే మనిషికి తెలియదా? బొంబాయి రోడ్డు కంకర మీద బజారు నుంచి ఇంటిదాకా అట్లాగే నడిచాడు. అరికాల్లో మేకు దిగి ఉంది. నేను పట్టకారుతో లాగుతుంటే ఈయన సంచీలోంచి వంకాయలు తీసి చూపిస్తున్నాడు, లేతవి దొరికాయని.

నవ్వు అక్కడే ఆగిపోయింది. పోయిన నెల షోలాపూర్ ట్రిప్పులో క్లచ్ మీద కాలు జారి లారీ గోడకు తగిలింది. లారీ యజమాని నాగప్ప సేఠ్, తాగి నడిపావా అని తిట్టి దింపేశాడు. తాగలేదని ఒట్టు వేస్తే నేను కూడా సగమే నమ్మాను. రేపు నేను పనిచేసే దవాఖానకు తీసుకుపోవాలి.

జూన్ 11

చక్కెర పరీక్షకు ఎంతమంది మూత్రం ఉడకబెట్టానో ఈ చేతులతో. నీలంగా ఉండాల్సిన గొట్టం ఇటుక రంగుకు తిరిగితే, తర్వాతి మనిషిని పిలవడమే నా పని. ఇవాళ గొట్టం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. డాక్టరు గారే వచ్చి నా చేతిలోంచి తీసుకున్నారు.

చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది. కాళ్లు మొద్దుబారడానికి మాత్రం తన దగ్గర మందు లేదన్నారు. చక్కెర అదుపులోకి వస్తే స్పర్శ కొంత రావచ్చు, రాకపోవచ్చు. కాలికి దెబ్బ తగలకుండా చూసుకోవడమే వైద్యం అన్నారు.

ఈయన అన్నీ విని ఒక్కటే అడిగాడు. "లారీ ఎప్పుడు ఎక్కాలె సార్?"

"కాలికి తెలివి వచ్చినప్పుడు" అన్నారు డాక్టరు గారు. "మీ ఇంట్లోనే నర్సు ఉంది కదా. స్పర్శ వచ్చిందని ఆవిడ అంటే నేను సేఠ్‌కు చెప్తాను."

జూన్ 12

టీలో చక్కెర వేయలేదు. తాగాడు. నేనూ వేసుకోలేదు.

జూన్ 20

ఇన్సులిన్ సీసా మంచినీళ్ల కుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టాను. సూదికి ఆయన అలవాటు పడ్డాడు కానీ ఖాళీగా కూర్చోవడానికి అలవాటు పడలేదు. రోడ్డు మీద లారీ పోతే చాలు, చప్పుడు విని ఎవరి బండో చెబుతాడు. ఏ గేరులో ఉందో కూడా చెబుతాడు. వినేవాళ్లు లేకపోయినా చెబుతాడు.

మిషను దవాఖానలో మాకు నర్సు పని నేర్పిన మేట్రనమ్మ అనేది, మందు ఆగినచోట నర్సు చెయ్యి మొదలవుతుందని. అప్పుడు మేము ఆవిడ వెనక మూతులు తిప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఆవిడ చెప్పిందంతా ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నాను. గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టించాలి, వేడి ముందు మన మోచేత్తో చూడాలి. వేళ్ల సందులు తుడవాలి. నువ్వుల నూనెతో మడమ నుంచి పైకి రుద్దాలి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తించాలి, దింపించాలి, వేళ్లు ఆడించాలి. అంతా అయ్యాక కళ్లు మూయించి, దూది కొసతో ముట్టుకుని, ఏ వేలో అడగాలి.

ఇవాళ మొదలుపెట్టాను. కళ్ల మీద తువ్వాలు కప్పాను. ఏ వేలూ చెప్పలేకపోయాడు. ముట్టుకున్నానని కూడా తెలియలేదు.

"దూదితోటి గాదు, సుత్తెతోటి కొట్టు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు.

జూలై 7

రోజూ చేస్తున్నాను. ఏమీ లేదు.

జూలై 21

ఏమీ లేదు. గొట్టం మాత్రం ఆకుపచ్చకు దిగింది. దేవునికి స్తోత్రం.

ఆగస్టు 4

తెలిసింది!

కుడి కాలు బొటనవేలు. తువ్వాలు కిందనుంచి, "దేవమ్మా, గది బొటనవేలు గదా?" అన్నాడు. ఔను, బొటనవేలే. నేను దూది పారేసి, ఆయన పాదం ఒళ్లోకి తీసుకుని ఏడ్చాను. ఆయన తువ్వాలు తీసి నన్ను చూశాడు. "గింత దానికి ఏడుస్తరా?" అన్నాడు.

మందు చేయనిది నా చేతులు చేశాయి. గొప్పలు పోకూడదు, తెలుసు. ఇవాళ ఒక్కరోజు పోతాను.

ఆగస్టు 19

కుడి కాలు అన్ని వేళ్లూ చెప్పాడు. ఎడమది ఇంకా కొంచెం తడబాటు.

సెప్టెంబరు 2

దవాఖానలో కూడా మొదలుపెట్టాను. కీళ్ల నొప్పుల వాళ్లకు మాత్ర ఇచ్చి పంపడం తప్ప ఇన్నాళ్లూ ఏం చేశాం? మొగుడంపల్లి నుంచి నాగవ్వ వస్తుంది, మోకాళ్లు రెండూ వాచిపోయి. నువ్వుల నూనెలో అల్లం కాచి, గోరువెచ్చగా పట్టించి, మెల్లగా రుద్ది, కాలు చాపడం ముడవడం చేయిస్తున్నాను. డాక్టరు గారు అటు పోతూ ఆగి చూశారు. "మీ దుకాణం బాగుందమ్మా, నా దుకాణం మూసుకోవాలేమో" అన్నారు. వెక్కిరింపు కాదు, బాగుందనే అన్నారు.

నాగవ్వకు చాలా తగ్గిందట.

సెప్టెంబరు 15

ఈయన రెండు కాళ్లూ, పది వేళ్లూ, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. కుడి ముందు, ఎడమ తర్వాత. బొటనవేలి నుంచి చిటికెన వేలికి. మేట్రనమ్మ చేతి కణుపుల మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పిన వరస అది. వరస తప్పితే ఏ వేలు చూశామో, ఏ వేలు వదిలామో మనకే తెలియదనేది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ తప్పలేదు.

సాయంత్రం ఈయన అర్ర మధ్యలో పీట వేసుకుని కూర్చుని, లేని స్టీరింగు తిప్పుతూ కోహీర్ మలుపు నుంచి హుమ్నాబాద్ దాకా లారీ నడిపి చూపించాడు. ఎక్కడెక్కడ హారను కొట్టాలో అక్కడ నోటితో కొట్టాడు. పక్కింటి వాళ్లు తొంగి చూశారు. చూడనీ.

అక్టోబరు 1

నాగవ్వ మీద కోపం వచ్చింది.

మోకాలు చూస్తే వాపు ఎప్పటిదే. తగ్గిందని ప్రతిసారీ చెబుతున్నావు కదా అని గట్టిగా అడిగాను. ముసిముసిగా నవ్వి, "నొప్పి గట్లనే ఉన్నది బిడ్డా. నువ్వు రుద్దుతుంటె పానం హాయిగుంటది. తగ్గలేదంటె నువ్వు సిన్నవోతవని తగ్గిందంటి" అంది.

ఇట్లాంటి వాళ్లకు ఎవరేం చేయగలరు? నొప్పి ఉంటే ఉందని చెప్పాలి. రోగి అబద్ధం చెబితే నర్సు ఏం చూస్తుంది? అదే అన్నాను. నాగవ్వ తల ఊపింది, మళ్లీ కాలు చాపింది. ఇంటికి వచ్చి ఈయనకు చెప్పాను, నవ్వుతాడనుకుని. నవ్వలేదు. "పాపం ముసలిది, తిట్టకు" అన్నాడు.

అక్టోబరు 13

తమాషా. ఎడమ కాలు మూడో వేలు నేను ముట్టుకోకముందే చెప్పేశాడు. దూది కింద పడితే వంగి తీసుకుంటున్నాను, ఇంతలో "నడిమి వేలు" అన్నాడు. "ఇంకా ముట్టలేదయ్యా" అంటే, "నీ చెయ్యి దగ్గరికొస్తనే తెలుస్తున్నది" అన్నాడు.

అంత సున్నితంగా అయింది కాలు. మంచిదే.

అక్టోబరు 14

మంచిదే.

నవంబరు 10

నాగప్ప సేఠ్ స్వయంగా వచ్చాడు. అల్లం తవ్వకాలు మొదలవుతున్నాయి, బొంబాయికి లోడ్లు ఉన్నాయి, నమ్మకమైన డ్రైవరు లేడు. ఈయన మంచం మీంచి చెంగున లేచిన తీరు చూడాలి. సేఠ్ నా వైపు తిరిగాడు. "దేవమ్మా, డాక్టర్ సాబ్ ఏమంటడో అది మల్ల. కాలు సాఫ్ అయిందా లేదా నువ్వు జెప్పు. మనిషి పానం, బండి రెండూ ఆయన కాలి మీదనే ఉన్నయి."

నేను ఈయనను చూశాను. ఆయన గోడకున్న క్యాలెండరును చూస్తున్నాడు.

అయిందన్నాను.

నవంబరు 12

డాక్టరు గారు అడిగారు, "స్పర్శ వచ్చిందా అమ్మా, మీరే పరీక్ష చేశారా?"

నేనే చేశానని చెప్పాను. పది వేళ్లూ తెలుస్తున్నాయని చెప్పాను. ఆయన ఆశ్చర్యపడి, తానూ ఒకసారి చూస్తానని లేచారు. ఇంతలో పాము కరిచిన మనిషిని మోసుకొచ్చారు. ఆ మనిషి బతికాడు. ఆ గొడవంతా సద్దుమణిగాక డాక్టరు గారు, మీ మాట చాలు లెండి అన్నారు.

డిసెంబరు 2

పొద్దున్నే వెళ్లాడు. ఇన్సులిన్, సూది, మరగబెట్టే గిన్నె విడిగా మూట కట్టి క్లీనర్ ఈరయ్యకు అప్పగించాను. ఈరయ్య ఈయనకంటే పెద్దవాడు, ఇరవై ఏళ్లుగా ఈయన వెంటే లారీల మీద ఉన్నాడు. "ఫికర్ జెయ్యకు చెల్లె, నేనున్న గద" అన్నాడు. కాన్వాసు బూట్లు కొని ఇచ్చాను, విప్పవద్దని చెప్పాను. నేను చూస్తుండగానే లేసులు కట్టుకున్నాడు.

లారీ ఎక్కి స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, నా వైపు చూడకుండా కాసేపు ఊరికే కూర్చున్నాడు. అల్లం వాసన ఇంటిదాకా వచ్చింది.

డిసెంబరు 5

సాయంత్రం నూనె గిన్నె తీసి, మళ్లీ లోపల పెట్టాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డిసెంబరు 14

వచ్చాడు.

రాయాలి. రాస్తే గానీ రేపు పనికి పోలేను.

లారీ దిగి నవ్వుకుంటూ నడిచి వచ్చాడు. వెనక ఈరయ్య నవ్వడం లేదు. బూట్లు ఈరయ్య చేతిలో ఉన్నాయి. ఈయన మంచం మీద కూర్చుని, బొంబాయిలో సముద్రం చూశానని ఏదో చెప్పబోయాడు. నాకు వాసన తగిలింది. దవాఖానలో పనిచేసే వాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు.

ఎడమ పాదం బయటి వైపు, చిటికెన వేలి నుంచి మడమ దాకా ఉడికిపోయి ఉంది. చర్మం తెల్లగా పొంగి, కొన్నిచోట్ల లేచిపోయింది. కింద నల్లగా ఉంది. మంట అంటుకున్న పుండు కాదు, గంటల తరబడి మెల్లగా కాలిన పుండు. నేను వేలు పెట్టి నొక్కాను. ఆయన ఇంకా సముద్రం గురించి చెబుతున్నాడు.

ఈరయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఘాటు ఎక్కుతున్నం చెల్లె. ఇంజను మస్తు కాలింది. ఇంజను పక్క రేకు మీద ఎప్పుడు తడి గోనె ఏస్తం. ఈసారి అల్లం వాడిపోతదని గోనెలన్ని పైన కప్పినం. బూట్లుంటె క్లచ్ సరింగ దొరుకుతలేదని ఈయిన ఇప్పేసిండు, కాలు రేకుకు ఆనిచ్చి కూసున్నడు. నాకు కాలిన వాసనొచ్చింది. బెల్టు కాలుతుందేమో అన్న. బండి ఆపి ఇద్దరం దిగి బానెట్ లేపి చూసినం. బెల్టు మంచిగనే ఉన్నది. మల్ల ఎక్కి పోయినం."

ఇద్దరూ దిగి బానెట్ ఎత్తి చూశారు. ఆ కాలి మీదనే దిగాడు, ఆ కాలి మీదనే ఎక్కాడు. ఇంజనంతా వెతికాడు.

నీళ్ల వేడి మోచేత్తో చూసేదాన్ని. ప్రతిరోజూ చూసేదాన్ని.

డిసెంబరు 15

నేనే చెప్పాను, కాలు బాగైందని. సేఠ్‌కు చెప్పాను. డాక్టరు గారికి చెప్పాను.

డిసెంబరు 19

రోజుకు రెండుసార్లు కట్టు మారుస్తున్నాను. పెన్సిలిన్ ఇస్తున్నారు. చిటికెన వేలు నల్లబడింది, దాని పక్కది కూడా. డాక్టరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఒక మాట అంటే బాగుండేది.

గొట్టం మళ్లీ ఇటుక రంగు.

డిసెంబరు 21

పట్నం పెద్ద దవాఖానకు. నాగప్ప సేఠ్ లారీ ఇచ్చాడు. ఎవరు నడిపారో ఈయన అడగలేదు. వెనక గడ్డి మీద పడుకుని, గేరు తప్పుగా వేసినప్పుడల్లా కళ్లు మూసుకున్నాడు.

డిసెంబరు 25

వార్డులో ఎవరో క్రిస్మస్ పాట పాడారు. ఈయనకు జ్వరం.

డిసెంబరు 28

మోకాలి కింద తీసేశారు.

జనవరి 6, 1964

జ్వరం తగ్గింది. గంజి తాగాడు. మధ్యాహ్నం వార్డులో అందరూ నిద్రపోతుంటే నా వైపు తిరిగి, అడగకుండానే చెప్పాడు.

"నువ్వు ఎప్పుడు గా కుడి బొటనవేలు కాన్నుంచే షురూ జేస్తవు, దేవమ్మా. ఒక్కసారి గూడ తప్పవు. వేలు వేలుకు నీ గాజు చప్పుడైతది. గేర్ల లెక్క నాకు చూడకుంటనే యాదికుంటుండె."

నేను గాజులు చూసుకున్నాను. చేతికి రెండే. అంత చిన్న చప్పుడు.

"మరి మొదటి రోజు? ఆగస్టులో?"

"గప్పుడు తెల్సినట్టే అనిపించింది. నిజంగ. ఔనో కాదో నాకు గూడ సమజ్ కాలే. గని నువ్వు ఏడ్సినవ్. గట్ల ఎప్పుడు ఏడ్వలే నువ్వు. ఇగ తెల్లారి తెల్వదు అని ఎట్ల జెప్పాలె?" తర్వాత అన్నాడు, "నాకు లారీ గూడ గావాలె. అబద్ధమెందుకు."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎవరి మీదనో తేలలేదు. దూది పడిపోయిన రోజు నాకు తెలుసు. తెలుసు కాబట్టే మర్నాడు మళ్లీ మంచిదే అని రాసుకున్నాను.

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చేతికి స్పర్శ బాగానే ఉంది, గట్టిగా పట్టుకున్నాడు.

జనవరి 27

ఇల్లు. ఈరయ్య కర్రలు చేయించి తెచ్చాడు. కింద కొసకు లారీ టైరు ముక్క కొట్టించాడు, జారకుండా. ఇచ్చి, టీ కూడా తాగకుండా పోయాడు.

జనవరి 30

నాగవ్వ దవాఖానకు వచ్చింది. అల్లం నూనె లేదని, ఇక ఉండదని చెప్పి మాత్రలు ఇచ్చి పంపించాను. మెట్ల మీద చాలాసేపు కూర్చుని పోయింది.

ఫిబ్రవరి 3

మిగిలిన కాలు చూడాలి కదా. అది కూడా పోతే?

గాజులు పైకి లాగి చేతిరుమాలు చుట్టాను. తువ్వాలు కప్పాను. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టాను. తర్వాత రెండోది, తర్వాత బొటనవేలు, మళ్లీ చిటికెన వేలు. చేతులు వినలేదు, ముప్పై ఏళ్ల అలవాటు వరస వైపే లాగింది.

"ఏ వేలు?"

"తెల్వదు."

"ఇది?"

"తెల్వదు."

"ఇది?"

"ముట్టినవా?"

అంతా అయ్యాక తువ్వాలు ఆయనే తీసుకున్నాడు. సిగ్గుపడుతున్నట్టు చూశాడు. నేను పాదం తుడిచి, మేజోడు తొడిగాను. బాధగా ఉంది, రాయకుండా ఎట్లా? కానీ ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయన కాలు ఎట్లా ఉందో నాకు తెలిసింది.

ఫిబ్రవరి 9. ఆదివారం

రెండు రోజులుగా ఆయన పళ్లు బిగబట్టి పడుకుంటున్నాడు. ఏమైందంటే ఏం లేదంటాడు. ఇవాళ చర్చి నుంచి వచ్చేసరికి మంచం పట్టె పట్టుకుని వణుకుతున్నాడు.

"చెప్పవయ్యా."

"చెప్తె నమ్మవు."

"నమ్ముతా."

"ఇన్నిసార్లు నమ్మి ఏమైంది?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "లేని కాలు గుంజుతున్నది, దేవమ్మా. వేళ్లు ముడుసుకపోయినట్టు, ఎవరో మెలేస్తున్నట్టు. లేదని తెలుసు. చూస్తున్న గద, లేదు. గని నొప్పి ఉన్నది. నీ మీద ఒట్టు."

మిషను దవాఖానలో రైలు కింద కాలు పోయిన మనిషి ఇట్లాగే ఏడ్చేవాడు. మేము నవ్వుకుంటే మేట్రనమ్మ స్కేలు తీసింది.

మాత్ర ఇచ్చాను. గంట చూశాం. తగ్గలేదు. సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. నేను మంచం కాళ్ల వైపు కూర్చున్నాను, ఎప్పుడూ కూర్చునే చోటే. దుప్పటి మీద, కాలు ఉండాల్సిన చోట చేతులు పెట్టాను. నాకే పిచ్చి పనిలా అనిపించింది.

"యాడ?" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇంక జర కిందికి. చిటికెన వేలు కాడ. గాడ."

అక్కడ రుద్దాను. దుప్పటిని రుద్దాను.

"ఇప్పుడు దాని పక్కది. కాదు, వెనుకకు. మడిమె." ఆయన ఎటు చెబితే అటు చేతులు పోయాయి. వరస లేదు. మడమ నుంచి బొటనవేలికి, అక్కడి నుంచి మధ్యవేలికి, మళ్లీ వెనక్కి. ఒక్కొక్క వేలూ విప్పినట్టు, లాగినట్టు చేశాను. గాజులు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

"తగ్గిందా?"

"జర తగ్గింది."

నాగవ్వ అన్నట్టు అన్నాడో, నిజంగా తగ్గిందో. నేను ఆయన మొహం చూశాను. పళ్ల బిగువు సడలింది. కాసేపటికి నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయాడు. నిద్రలో మనిషి ఎవరినీ సంతోషపెట్టడు కదా.

ఉన్నన్నాళ్లూ తెలియని కాలు. నేను అంత రుద్దినా తెలియని కాలు. ఇప్పుడు ఒక్కొక్క వేలూ విడివిడిగా తెలుస్తోందట. ఏడుపు వచ్చింది, ఆయన లేస్తాడని ఆపుకున్నాను. దుప్పటి మీద నా చేతులు ఆడినంత మేర నలిగి ఉంది, సరిచేయలేదు.

నాగవ్వకు రమ్మని కబురు చేయాలి. రేపు సాయంత్రం ఈ కాలు మళ్లీ రుద్దాలి. దీనికి నూనె అక్కర్లేదు.